దీపాలు పెట్టేలోగా పాల వ్యాన్: తెనాలి, రేపల్లె మీదుగా ఒక ఆదివారం

ఏ ఊరు వెళ్ళినా గుడి గోపురం కన్నా ముందు రైసుమిల్లు గొట్టం వైపు చూడటం నా అలవాటు. బాపట్లలో కాలేజీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పుకుంటూ బతికినదాన్ని. ఊరు కనబడితే చాలు, ఇక్కడ ఏం పండుతుంది, పండింది ఎటు పోతుంది, పక్క ఊరు పెరిగి ఈ ఊరు ఎందుకు ఆగిపోయింది అని బుర్ర పనిచేయడం మొదలుపెడుతుంది. "నీతో ప్రయాణమంటే పంచవర్ష ప్రణాళికతో ప్రయాణమే" అని మావారు ఏడిపించేవారు. డెబ్బైల మొదట్లో, ఒక ఆగస్టు ఆదివారం నాడు నేను చేసిన ఈ ప్రయాణానికి ఆయన అందుకే రానన్నారు. ఇంట్లో హాయిగా పేపరు చదువుకుంటానన్నారు.

ఆ ప్రయాణానికి కారణం మా పిన్ని కొడుకు భాస్కరం. వాళ్ళది రేపల్లె దగ్గర నగరం అనే ఊరు దాటాక కాలువ పక్కనున్న పల్లె. బి.కాం. చదివి, ఉద్యోగాల వేటలో పడకుండా సొంత ఊళ్ళోనే పాలు సేకరించే కేంద్రం పెట్టాడు. రోజూ పొద్దున్నే వ్యాన్ వచ్చి పాలు తీసుకెళ్ళాలి. ఊరంతా వాణ్ణి భేష్ అని మెచ్చుకుంది కానీ పాలు మాత్రం ఎవరూ పోయలేదు. ధర పెంచి చూశాడు, అయినా లాభం లేకపోయింది. చివరికి మా ఇంటికొచ్చి, "ధర పెరిగితే సరుకు దానంతటదే వస్తుందని పిల్లలకి చెప్తావుగా అక్కా. మా ఊళ్ళో ఎందుకు రావట్లేదో ఒక్కసారి వచ్చి చూడు. ఈ కేంద్రం మూతపడితే నేనూ మద్రాసో బొంబాయో పోవాల్సిందే" అన్నాడు. వాడి గొంతు విని జాలేసింది. పైగా నా పాఠాన్ని నాకే అప్పజెప్పాక ఊరుకోవడానికి మనసొప్పలేదు.

బాపట్ల నుంచి కర్లపాలెం మీదుగా నేరుగా బస్సులో పోవచ్చు. నేను మాత్రం కావాలనే చుట్టుదారి పట్టాను. పొద్దున ప్యాసింజర్ ఎక్కి తెనాలిలో దిగి, అక్కడ రేపల్లె బండి పట్టుకుంటే డెల్టా అంతా ఒక్క పూటలో కళ్ళముందు నుంచి వెళ్తుంది. టిక్కెట్లు రెండూ కలిపినా రూపాయి, రూపాయిన్నర అయ్యేది. తెనాలి స్టేషన్ ఎదుట చిన్న హోటల్లో ఇడ్లీ తిని కాఫీ చెప్పాను. చిక్కటి కాఫీ. పాలు ఎక్కణ్ణుంచి తెప్పిస్తారని అడిగితే హోటలాయన గ్లాసులు కడుగుతూనే, "చుట్టుపక్కల ఊళ్ళవేనండి. ఎంత తెచ్చినా పదింటికల్లా అయిపోతాయి. ఆ తర్వాత వచ్చినోళ్ళకి బ్లాక్ కాఫీయేనండి" అన్నాడు. ఇక్కడేమో పాలు చాలట్లేదు, ముప్పై మైళ్ళు కూడా లేని చోట మావాడి క్యాన్లు ఖాళీగా పడున్నాయి. క్లాసులో బోర్డు మీద చాక్‌పీసుతో గీసి చూపించేంత తేలికగా ఉంది వ్యవహారం. మధ్యలో రోడ్డు బాగాలేదు కాబోలని అక్కడికక్కడే తీర్మానించేసుకున్నాను.

రేపల్లె బండికి తొందర ఉండేది కాదు. పొగ వదులుతూ, ప్రతి స్టేషన్లోనూ కుశలం అడిగి బయల్దేరేది. వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే రెండువైపులా నాట్లు. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని ఆడవాళ్ళు వరసగా వంగి, వెనక్కి నడుస్తూ నారు గుచ్చుతున్నారు. కాలువలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. అంత నీరు, అంత పచ్చదనం చూస్తే ఈ ప్రాంతం ఇంకా ఎంతో ఎదుగుతుందని నాకు గట్టిగా అనిపించింది. కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన "పుట్టింటికా అమ్మా?" అని అడిగాడు. పాలు ఎందుకు రావట్లేదో చూడ్డానికి వెళ్తున్నానని చెబితే, నన్ను ఎగాదిగా చూసి కిటికీ వైపు తిరిగిపోయాడు.

రేపల్లెలో భాస్కరం మాట మీద పాల వ్యాన్ డ్రైవరు మస్తాన్ నాకోసం ఆగాడు. ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, ఊరి పొలిమేర దాటాక అసలు సంగతి చెప్పాడు. "మీ తమ్ముడుగారి మనసు బంగారమండి. కానీ నేనివాళ అక్కడ క్యాన్లు వెనక్కి తెచ్చుకోడానికే వెళ్తున్నా. పాలు లేని ఊరికి వ్యాన్ తిప్పొద్దన్నారండి పైవాళ్ళు." రోడ్డు చూశాను. గుంటలున్నా వ్యాన్ నిక్షేపంగానే పోతోంది. తెనాలిలో చేసుకున్న తీర్మానం నగరం చేరేసరికి నీరుగారిపోయింది.

పిన్ని నన్ను చూడగానే కాళ్ళకు నీళ్ళిచ్చి, మస్తాన్‌ని కూడా భోజనానికి ఆపేసింది. విస్తళ్ళు వేస్తుండగా పెరటి గుమ్మం దగ్గర నాట్ల నుంచి అన్నానికి వచ్చిన మరియమ్మ చెంబుతో నిలబడింది. "కూసింత మజ్జిగ పొయ్యండమ్మగోరూ" అంది. పిన్ని చెంబు నిండా పోసింది. వెనకాలే ఇంకో ఇద్దరు వచ్చారు, వాళ్ళకూ పోసింది. మూడు గేదెలున్న ఆ ఇంట్లో కొడుకు కేంద్రానికి మాత్రం చుక్క పాలు పోయలేదని అప్పటికే భాస్కరం చెప్పి ఉన్నాడు. ఉండబట్టలేక అడిగేశాను.

"ఏంటి పిన్నీ, నీ కొడుక్కే పోయవా పాలు?"

"పోస్తే వీళ్ళకేం పొయ్యను? పొద్దుట్నుంచీ బురదలో నడుం వంచినోళ్ళు. చెంబు ఖాళీగా పట్టుకెళ్తే ఆ మెతుకులు గొంతు దిగుతాయా? మా అత్తగారి నాటి నుంచీ అడిగినోళ్ళకి లేదనలేదు. పాలు అమ్ముకున్నారన్న మాటైనా పడతాను గానీ, మజ్జిగ లేదన్న మాట నా నోటెంట రాదమ్మాయ్."

"ఊరంతా ఇదే పాట అక్కా" అన్నాడు భాస్కరం తల వంచుకుని.

మస్తాన్ ముద్ద కలుపుతూ, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారండి పెద్దలు" అని నవ్వాడు. భాస్కరం నవ్వలేదు.

నాకు మనసు చివుక్కుమంది. మేం గెలిస్తే పిన్ని ఇంటికి నాలుగు డబ్బులొస్తాయి, జిల్లా ఆదాయం పెరిగిందని ఎవరో రాసుకుంటారు, మరియమ్మ మాత్రం ఉత్త అన్నం తింటుంది. ఊరికే పోసే మజ్జిగకు ధర లేదు గనక, అది పోయినా ఏ లెక్కలోనూ కనబడదు. అలాంటి అభివృద్ధి నేను కోరుకోలేదు. అలాగని భాస్కరం పెట్టె సర్దుకోవడమూ చూడలేను.

ఏదో ఒకటి మాట్లాడాలని, "ఇంత మజ్జిగ ఏ పాలది పిన్నీ?" అన్నాను.

"పొద్దుటి పాలది. పగలంతా దాలిలో పిడకల సెగ మీద కాగాలి, సాయంత్రం తోడెయ్యాలి, తెల్లారి చిలకాలి."

"మరి సాయంత్రం పిండేవి?"

"పిల్లలు తాగంగా మిగిలినవి మీగడకీ నేతికీ. ఎంత నెయ్యని తింటాం?"

నేనూ భాస్కరమూ మొహమొహాలు చూసుకున్నాం. పొద్దుటి పాలు ఎక్కువ గనక వ్యాన్ పొద్దునే రావాలని పట్టుబట్టి ఏర్పాటు చేసుకున్నది వాడే. "సాయంత్రం పాలు పోస్తావా అమ్మా?" అన్నాడు.

"ఎప్పుడైనా అడిగావురా? అడగందే అమ్మయినా పెట్టదు." పిన్ని నవ్వేసింది. వెంటనే వేలు ఎత్తింది. "కానీ దీపాలు పెట్టాక చుక్క గడప దాటదు. దీపం వెలిగాక పాలు బయటికి పంపితే లక్ష్మిని పంపేసినట్టే. ఈ ఊళ్ళో ఏ ఆడదీ ఆ పని చెయ్యదు."

మస్తాన్ సాయంత్రం రేపల్లె నుంచి పాలు ఎక్కించుకుని ఆ రోడ్డు మీదుగానే బాపట్ల వెళ్తాడు. "ఈ పూటకి క్యాన్లు ఇక్కడే ఉంచుతానండి. ఒక్క క్యాన్ నిండినా పైవాళ్ళకి నేను చెప్పుకుంటా. నిండకపోతే మాత్రం నన్నేమనకండి" అని చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భాస్కరమూ నేనూ ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి ఇంట్లోనూ మంచినీళ్ళిచ్చారు, కూర్చోమన్నారు, విషయమంతా విని "చూద్దాంలెండి" అన్నారు. మా వైపు చూద్దాం అంటే ఏంటో తెలియనిదాన్ని కాను. ఎదురింటి అన్నపూర్ణమ్మగారు అయితే మాట కూడా పూర్తి కానివ్వకుండా వక్కపొడి చేతిలో పెట్టి సాగనంపింది.

సాయంత్రం మబ్బు పట్టింది. పిన్ని స్నానం చేసి, ప్రమిదలో నూనె పోసి వత్తి వేసింది. అరుగు మీద పాలచెంబు గుడ్డ కప్పి పెట్టింది. వెలుతురు తగ్గుతోంది, వ్యాన్ జాడ లేదు. భాస్కరం రోడ్డు దాకా వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. చివరికి వచ్చి అరుగు మీద కూలబడి, "ఇంక దీపం పెట్టేయమ్మా" అన్నాడు. పిన్ని అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని గడప దగ్గరే నిలబడి, "ఉండరా" అంది. వాడి మొహం చూడలేక నేను వీధిలోకి వచ్చేశాను.

వీధంతా చీకటిగా ఉంది. మొదట కరెంటు పోయిందనుకున్నాను. కళ్ళు అలవాటుపడ్డాక తెలిసింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఏ గడపలోనూ దీపం పెట్టలేదు, బల్బూ వెయ్యలేదు. ప్రతి అరుగు మీదా ఒక ఆడమనిషి కూర్చుని ఉంది, ఆమె పక్కన గుడ్డ కప్పిన గిన్నెనో చెంబో ఉంది. ఎదురరుగు మీంచి అన్నపూర్ణమ్మగారి గొంతు వినబడింది. "వస్తుందంటావా అమ్మాయ్ వ్యాను? ఇంకాసేపు ఆగుతాంలే." నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషంతోనే.

కాలువ వంతెన మీద నారుకట్టల బండి అడ్డం పడటంతో మస్తాన్ ఆలస్యమయ్యాడు. హెడ్‌లైట్లు మలుపు తిరిగేసరికి ఆడవాళ్ళంతా ఒక్కసారి లేచారు. క్యాన్లు రెండూ నిండిపోతే, మిగిలిన పాలకు మస్తాన్ వ్యాన్‌లోంచి ఇంకో ఖాళీ క్యాన్ దించాడు. పాలు పోసిన ప్రతి మనిషీ గబగబా ఇంటికి పోయి దీపం వెలిగించింది. మేము చూస్తుండగానే వీధి ఒక్కో ఇంటి చొప్పున వెలిగింది. అందరికన్నా చివర పిన్ని పెట్టింది.

ఆ కేంద్రం నిలబడింది, భాస్కరం మద్రాసు వెళ్ళలేదు, మరియమ్మ చెంబు ఎప్పుడూ ఖాళీగా తిరిగి వెళ్ళలేదు. పల్లెవాళ్ళ నమ్మకాలు అభివృద్ధికి అడ్డమని ఆ తర్వాత ఎన్ని సభల్లో విన్నానో. విన్నప్పుడల్లా ఆ చీకటి వీధే కళ్ళలో మెదిలేది. వాళ్ళు నమ్మకాన్నీ వదులుకోలేదు, మావాణ్ణీ వదులుకోలేదు. కాసేపు దీపాన్ని ఆపారు, అంతే. ఒక ఊరు ముందుకు వెళ్ళాలనుకుంటే తన దారి తాను ఎలా వెతుక్కుంటుందో నాకు చూపించింది ఆ సాయంత్రమే.

ఈ దారిన వెళ్ళాలనుకునేవారు తెనాలిలో పొద్దుటి రేపల్లె బండి ఎక్కండి, తిరుగు బస్సు వేళ దిగగానే కనుక్కోండి. నేను కనుక్కోలేదు. ఆఖరి బస్సు వెళ్ళిపోతే, కర్లపాలెం మీదుగా బాపట్ల దాకా పాల వ్యాన్‌లోనే వచ్చాను. ముందు సీట్లో కూడా క్యాన్ పెట్టేయాల్సి వచ్చిందని మస్తాన్ దారి పొడవునా క్షమించమంటూనే ఉన్నాడు. వెనక నిండు క్యాన్ల మధ్య, చీరంతా పాలు చిందుతున్నా, అంత సుఖంగా నేనెప్పుడూ ప్రయాణం చేయలేదు.