పక్కింటి అక్క టీవీలో సముద్రం

నా చిన్నప్పుడు మా వీధికి రెండు సముద్రాలుండేవి. ఒకటి సరుగుడు తోపు వెనకాల ఉన్న అసలు సముద్రం, జువ్వలదిన్నె పక్కన మా ఊళ్ళో ప్రతి ఇంటికీ అన్నం పెట్టేది. రెండోది పక్కింటి అక్కావాళ్ళ టీవీలో ఉండేది. మొదటిదాని మీదికి ఆడపిల్లల్ని పోనిచ్చేవాళ్ళు కాదు. అందుకేనేమో, రెండోదాన్నయినా దాటి తీరాలని నాకు మహా పంతం.

పక్కింటి అక్కావాళ్ళు ముస్లిములు. అక్క ఇంట్లోనే మిషను కుట్టేది. ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లూ, పిల్లల గౌన్లూ ఆమె చేతిమీదుగా రావలసిందే. వాళ్ళన్న కువైట్ నుంచి సెలవులకు వస్తూ ఒక వీడియో గేమ్ తెచ్చాడు. క్యాసెట్టు పెట్టి నొక్కడం, బొమ్మ రాకపోతే బయటికి లాగి గట్టిగా ఊది మళ్ళీ పెట్టడం, అదంతా మాకు పెద్ద తతంగం. ఆ ఊదే అవకాశం కోసం కూడా పిల్లలం కొట్టుకునేవాళ్ళం.

అందులో నీలం చొక్కా బుడ్డోడు ఒకడు పరిగెడుతూ ఉంటాడు. వాడికి మూడే ప్రాణాలు. మూడూ పోతే ఎంత దూరం వెళ్ళినా మళ్ళీ మొదటికే. అడవి, కోట, గుహ, ఇవన్నీ వీధిలో చాలామంది దాటేశారు. ఆ తర్వాత సముద్రం వచ్చేది. నీళ్ళలో చెక్కలు మునుగుతూ తేలుతూ ఉంటాయి, మధ్యలోంచి చేపలు ఎగిరి మీద పడతాయి. చెక్క మీంచి చెక్క మీదికి దూకుతూ అవతలి ఒడ్డుకు చేరాలి. మా వీధిలో ఒక్కరూ చేరలేదు. అవతల ఏముందో చూసిన మొదటి మనిషి నేనే కావాలని నా కోరిక. వ్యవధి కూడా ఎక్కువ లేదు. అన్న కువైట్‌కు తిరిగి వెళ్ళేటప్పుడు గేమ్‌ను మనుబోలులో ఉన్న వాళ్ళ పిన్ని పిల్లలకు ఇచ్చిపోతానని ముందే మాట ఇచ్చేశాడు.

నేను ఆడేదాన్ని, పడేదాన్ని, మళ్ళీ ఆడేదాన్ని. విచిత్రమేమిటంటే, నేను తొందరపడి పడేదాన్ని కాదు. ఒడ్డున నిలబడి నిలబడి, తెర పైన గడియారంలో టైము అయిపోయి ప్రాణం పోగొట్టుకునేదాన్ని. మిషను ముందు కూర్చుని రోజూ ఇది చూస్తున్న అక్క ఒకనాడు ఉండబట్టలేక అడిగింది.

"ఏం పాపా, అక్కడ పోయి బొమ్మ మాదిరి నిలబడతాండావు? ఎవురి కోసం?"

"అల తగ్గాల గదక్కా," అన్నాను.

అక్క నవ్విన నవ్వుకు కుడుతున్న గుడ్డ జారి కిందపడింది. కానీ నేను అన్నదాంట్లో నాకు తప్పేమీ కనపడలేదు. మా నాన్న చేపల వేటకు పోయేవాడు. పడవను నీళ్ళలోకి తోసేటప్పుడు అందరూ నడుంలోతు నీళ్ళలో దాన్ని పట్టుకుని ఆగుతారు. పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పోతాయి. ఆ తర్వాత సముద్రం కాసేపు ఊపిరి తీసుకుంటుంది. ఆ సందులోనే పడవను తోసెయ్యాలి. నేను పుట్టినప్పటినుంచి చూస్తున్నది అదే. టీవీలో సముద్రం కూడా ఊపిరి తీసుకుంటుందని నమ్మి, ఆ సందు కోసం ఎదురుచూస్తున్నాను. బెస్తవాళ్ళ పిల్ల తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు అది.

అక్క నవ్వు ఆపుకుని నా పక్కన వచ్చి కూర్చుంది. "ఇది మీ నాయన సముద్రం కాదు పాపా. దీనికి కోపమూ రాదు, జాలీ రాదు. నిన్న ఎట్ట చేసిందో ఈ పొద్దూ అట్టే చేస్తాది. నువ్వు పడినావంటే అది నిన్ను పడేసినట్టు కాదు, నువ్వే పడినట్టు," అంది.

ఆ మాట మొదట నాకు కష్టంగా తోచింది. కాసేపు ఆలోచిస్తే సంతోషం వేసింది. అది మారదు అంటే, మారవలసింది నేనే. నేను మారగలను గదా!

తర్వాత అక్క ఒక వింత పని చేసింది. నా చేతిలోంచి రిమోటు తీసుకుని పక్కన పెట్టేసింది. మిషనుకు బెల్టు తప్పించి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, టీవీలో చేప ఎగిరినప్పుడల్లా పెడల్ తొక్కమంది. ఆటలో బుడ్డోడు చచ్చిపోతూ ఉంటే అక్క మళ్ళీ మళ్ళీ బతికిస్తూ ఉంది, నేను తొక్కుతూ ఉన్నాను. మొదట్లో చేప ఒక దారి, నా కాలు ఒక దారి. సాయంత్రానికి టీవీ వైపు చూడకుండానే చేప ఎప్పుడు లేస్తుందో నా కాలికి తెలిసిపోయింది. కుట్టు నేర్పినట్టే నాకు ఆట నేర్పింది ఆ మహాతల్లి.

అన్న ప్రయాణానికి ముందురోజు వచ్చింది. పిల్లలంతా గదినిండా చేరారు. చిరిగిన చొక్కా కుట్టించుకోవడానికి వచ్చిన మా నాన్న కూడా గుమ్మంలో నిలబడిపోయాడు. మూడు ప్రాణాలతోనూ సముద్రం దాకా వచ్చాను. మొదటిది కంగారులో పోగొట్టుకున్నాను. రెండోసారి సగం దాటాక వెనకనుంచి, "ఆగు పాపా, పెద్ద అల వస్తాంది!" అని నాన్న అరిచాడు. నా చెయ్యి ఆగింది, బుడ్డోడు మునిగాడు. అక్క ఆ పెద్దమనిషి వైపు తిరిగి నోటి మీద వేలు పెట్టింది. ఆయన బుద్ధిగా తలూపి చేతులు కట్టుకున్నాడు.

చివరి ప్రాణం. నా కుడికాలు నేలమీద తొక్కడం మొదలుపెట్టింది. చెక్క, చెక్క, చేప, చెక్క. బుడ్డోడి కాళ్ళు అవతలి ఇసుక మీద పడగానే పిల్లలు పెట్టిన కేకలు వీధి చివరిదాకా వినిపించాయట. అవతల ఒక మంచుకొండ ఉంది. అది సముద్రం కంటే కష్టం. చూస్తుండగానే బుడ్డోడు జారిపడి చచ్చాడు. ఆట అయిపోయింది. నాకు ఏడుపు రావలసింది, పకపకా నవ్వు వచ్చింది.

అప్పుడు అన్న చల్లగా ఒక సంగతి చెప్పాడు. మొదట్లోనే ఏవో బటన్లు వరసగా నొక్కితే బోలెడన్ని ప్రాణాలు వస్తాయట, ఆ కిటుకు అక్కకు కూడా తెలుసట. నాకు తొక్కడం నేర్పిననాడు బుడ్డోణ్ణి అన్నిసార్లు బతికించింది దాంతోనేనట. నేను నోరు తెరుచుకుని అక్కవైపు చూశాను.

"చెప్పుంటే దాటి ఉందువు లే," అంది అక్క మిషనుకు బెల్టు తగిలించుకుంటూ. "మీ నాయన మొగం మటుకు ఇట్ట ఉండేది కాదు."

నిజమే. మా నాన్న మొహం వెలిగిపోతోంది. ఆ సాయంత్రం ఇసుకలో వల బాగుచేసుకుంటున్న వాళ్ళందరికీ, "నా కూతురు సముద్రం దాటినాది," అని చెప్పుకుంటూ తిరిగాడు. వాళ్ళలో సగంమందికి అది టీవీలో సముద్రమని చెప్పనే లేదు. ఆ రోజు నేను పడ్డ గర్వం ఇవాళ తలుచుకున్నా నా వీపు నిటారుగా అవుతుంది.

నలభై దాటాక స్కూటరు నేర్చుకున్నాను. హార్బరు దారిలో ఇసుక మేటవేసిన మలుపు దగ్గర రోజూ పడేదాన్ని. చూసినవాళ్ళు నవ్వారు, మానెయ్యమన్నారు. నేను మాత్రం మలుపు మారడం లేదు గదా అనుకున్నాను. పడినచోటు చూసుకున్నాను, మళ్ళీ ఎక్కాను. ఇప్పుడు నా వెనక మనవడు కూర్చుని ఇంకా జోరుగా పోనిమ్మంటాడు.

ఏ కష్టం ఎదురైనా ఇది నాన్న సముద్రమా, అక్క సముద్రమా అని ముందు చూసుకుంటాను. నాన్నదైతే అది ఊపిరి తీసుకునేదాకా ఓపిగ్గా ఆగుతాను. అక్కదైతే ఆగను. తప్పు నాదే కాబట్టి దిద్దుకోవడమూ నా చేతిలోనే ఉందని సంబరపడతాను. ఆ సంబరం నా మనసుకు తెలిసేలోపే కుడికాలు నేలమీద తొక్కడం మొదలుపెట్టేస్తుంది.