రాక్షసుడి కోటకు మా తాత ఒళంబా

మా తాత కట్టిన గోడలు, మా నాయిన కట్టిన గోడలు గ్రాంట్ రోడ్ నుంచి నాగ్‌పాడా దాకా నిటారుగా నిలబడి ఉన్నాయి. మా వంశంలో వంకరగా లేచింది నేనొక్కడినే. ఏడో తరగతిలో బడి మానేస్తానంటే మా పంతులు ఆపలేదు సరికదా, గేటు దాకా వచ్చి సాగనంపాడు. నాయిన తన వెంట పనికి తీసుకుపోయాడు. మూడో రోజు నేను కట్టిన గోడను ఆయనే కాలితో తన్ని పడగొట్టి, "ఇటుకలను ముట్టకు బిడ్డా, అవి నీకేం పాపం జేసినయి?" అన్నాడు. అట్లా నాగ్‌పాడాలో రేకు పెట్టెలకు రంగులేసే పనిలో పడ్డాను. పెట్టె వేరేవాళ్లు చేస్తారు. నేను గులాబీలు వేస్తే చాలు.

ఎనభైల నాటి సంగతి. కామాఠిపురాలో గదికొక కుటుంబం ఉండే మా చాల్‌లో, వినాయకుడిని కూర్చోబెట్టిన రోజుల్లో వచ్చే ఆదివారం మధ్యాహ్నం తెలుగు నాటకం ఆడటం అలవాటు. ఆ ఏడు ఉత్సవ మండలి పెద్దమనిషి నాటకం వద్దన్నాడు. ఆయన దర్జీ, కొలతల మనిషి. టీవీ, వీడియో అద్దెకు తెచ్చి హిందీ సినిమాలు వేద్దామన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. అంతకుముందు ఏడు నాటకం సగమయ్యేసరికి మిగిలింది ఇద్దరే: మా అవ్వ, హార్మోనియం వాయించేవాడి భార్య. ఆమె చేతిలో ఇంటి తాళంచెవి లేక ఆగింది.

నాకు బాధ అవ్వ గురించే. నాయిన తల్లి ఆమె. చిన్న వయసులో పాలమూరు నుంచి వచ్చి, ముసలితనం దాకా ఈ ఊరి గోడలకు తల మీద సున్నం మోసింది. హిందీ మాత్రం రెండు ముక్కలు దాటలేదు. ఎప్పుడైనా వీడియో పెడితే దాని ముందు రేషన్ దుకాణం క్యూలో కూర్చున్నట్టు కూర్చునేది. "ఆ పిల్ల ఎందుకు ఏడుస్తున్నదిరా?" అని అందరినీ అడిగేది. ఎవరూ చెప్పేవారు కాదు. ఏడాదికి ఒక్క పూట, తెలుగు నాటకం నాడు మాత్రం, కథ అందని మిగతావాళ్లు ఆమె వైపు తిరిగి "ఇప్పుడేమైంది అవ్వా?" అని అడిగేవారు. ఆ పూట పోనివ్వకూడదనుకున్నాను.

"ఈ ఒక్కసారి నాకియ్యి కాకా" అన్నాను దర్జీతో. "కోట కూలేదాకా జనం కూసుంటే ఏటేటా నాటకమే. లేస్తే, ఏటేటా ఆ టీవీని గ్రాంట్ రోడ్ నుంచి నా నెత్తి మీద మోస్కొస్త."

"నీ నెత్తి మీదనా? టీవీలో బొమ్మ వంకరొస్తదిరా" అన్నాడు. కానీ ఒప్పుకున్నాడు.

కథ నేనే అల్లాను. తెలుగు రాయటం సగం మరిచిపోయాను కాబట్టి నోటితోనే అందరికీ వల్లె వేయించాను. ఒక మేస్త్రీకి పన్నెండేళ్ల కొడుకు. వాళ్ల ఊరి జనాన్నంతా ఒక రాక్షసుడు కోటలో బంధిస్తాడు. రాజుల ఫిరంగులు ఆ కోటను ఏమీ చేయలేకపోతాయి. పిల్లవాడు కత్తి పట్టడు. ఇంట్లో తరతరాలుగా వస్తున్న మాయ ఒళంబాను తీసుకుని యుద్ధానికి పోతాడు. ఒళంబా అంటే దారానికి కట్టిన ఇత్తడి గుండు; గోడ పక్కన వేలాడదీస్తే అది నిటారుగా ఉందో లేదో చెబుతుంది. మా పిల్లవాడు వేలాడదీస్తే మాత్రం అన్యాయంగా లేచిన ఏ గోడైనా కూలుతుంది. ఆ పన్నెండేళ్ల వేషం నాదే. నాకప్పటికి పందొమ్మిది. మీసం తీసేస్తే పదిహేడు కనబడ్డాను. మిగతా అయిదేళ్లు నటనతో తగ్గించాలి.

ఇత్తడి ఒళంబా మా ఇంట్లో నిజంగానే ఉంది. తాతది. దసరాకు దానికి పసుపు కుంకుమ పెట్టేవాళ్లం. దాని దారాన్ని ఎవరూ దాటకూడదు. అవ్వ దాన్ని బియ్యం డబ్బాలో దాచేది.

"యుద్ధానికి పోతున్న అవ్వా, ఒళంబా ఇయ్యి."

"ఎవరి తోటిరా యుద్ధం?"

"రాక్షసుడి తోటి."

"దర్జీ తోటి అని చెప్పు." బియ్యంలో చెయ్యి పెట్టి గుండును బయటికి తీసింది. "దారం ఎవ్వళ్లను దాటనియ్యకు. దీని తోటి అబద్ధం ఆడకు. మీ తాతకే అది సాతగాలే."

చాల్ వాకిట్లో వెదురు కర్రలు, గోనెసంచులతో నేనే కోట కట్టాను. వెనక నుంచి ఒక తాడుతో మెట్ల కటకటాలకు బిగించాను. పెట్టెలకు పోను మిగిలిన రంగులు వేశాను. అలవాటు కొద్దీ రెండు గులాబీలు కూడా పడ్డాయి.

ఆదివారం నాలుగింటికి మొదలుపెట్టాం. అవ్వ ముందు వరుసలో చాప మీద కూర్చుంది. ధారావి నుంచి ఒక పదిమంది పాలమూరు కూలీలు వచ్చి అందరికన్నా వెనక కూర్చున్నారు. రాక్షసుడి వేషం రేవులో మూటలు మోసే మనిషిది, మీసం సొంతదే. అతని నవ్వుకు కాసేపు భయపడిన పిల్లలు, రాజుల యుద్ధం సాగేసరికి "పిక్చర్ కబ్ చాలూ హోగా?" అంటూ సినిమా కోసం గొడవ మొదలుపెట్టారు. గదుల ముందున్న గ్యాలరీలో నలుగురు లేచి లోపలికి పోయారు. దర్జీ గడియారం చూసుకున్నాడు. నేను రావలసింది ఇంకా రెండు పాటల తర్వాత. ఆ రెండు పాటలూ మింగేసి ఒక్క ఉదుటున కోట ముందుకు దూకాను.

"ఓరి రాక్షసా! నీ కోట సంగతి మా తాత దారం చెబుతుంది!"

ఒక రేకు పెట్టె మీదికెక్కి, కోట పై కర్రకు దారం పెట్టి గుండు వదిలాను. అది ఊగి, ఊగి, ఆగింది. పైన దారం గోడకు ఆనుకుని ఉంది. కింద గుండుకూ గోడకూ నడుమ పెద్ద సందు.

వెనక వరుసలో ఒక కూలీ లేచి నిలబడ్డాడు. "ఏయ్, బెత్తెడు ముందరికి ఒరిగింది!"

"బెత్తెడు ఏడిదే, జానెడున్నది" అన్నాడు పక్కవాడు.

గ్యాలరీలోంచి మా చాల్ మేస్త్రీలు కూడా తలా ఒక కొలత చెప్పసాగారు. లోపలికి పోయిన నలుగురూ మళ్లీ బయటికొచ్చారు. ఆ కూలీలిద్దరూ చూస్తూ ఊరుకోలేక, చేతిలో ఒక రాయితో కోట దగ్గరికే వచ్చేశారు. కర్ర కింద ఆపు పెట్టి దాన్ని సరిచేస్తారట!

"నా కోటను ముట్టకుండ్రి" అన్నాడు రాక్షసుడు. పాఠంలో లేని మాట.

"గిట్లుంటే నీ మీదనే పడ్తదన్నా" అన్నాడు కూలీ జాలిగా.

వాళ్లు దాన్ని సరిచేస్తే నా నాటకం అక్కడితో సరి. దారం దాటకుండా చుట్టూ తిరిగి పోయి, చేతులు చాపి అడ్డం నిలబడ్డాను.

"అన్నా, జర ఆగు. ఇది సక్కగైతే మా ఊరోళ్లు లోపలనే సస్తరు. దీన్ని కూలగొట్టాలె. ఎట్లనో నువ్వే చెప్పు."

అతను నన్ను చూశాడు, గోడను చూశాడు. రాయి కింద పడేశాడు. "వెనక తాడు ఇడిస్తే చాలు. ముందలున్న పోరగాళ్లను జరుపుండ్రి."

"తాడు! తాడు!" అని చాల్ అంతా అరిచింది. హిందీ సినిమా అడిగిన పిల్లలే అందరికన్నా గట్టిగా, తెలుగులో అరిచారు. దారం విప్పి ఒళంబాను మెడలో వేసుకున్నాను. ముందున్నవాళ్లంతా దూరం జరిగారు. అవ్వ మాత్రం కదల్లేదు. గోడ ఎత్తును ఒకసారి కళ్లతో కొలిచి, కాళ్లు ముడుచుకుంది.

తాడు విప్పాను. కోట రాక్షసుడి మీద గులాబీలతో సహా పడింది. చచ్చేటప్పుడు చెప్పాల్సిన మాటలు అతనికి ఎట్లాగూ కంఠతా రాలేదు. పై కర్ర అవ్వ చాప అంచుకు బెత్తెడు ఇవతల ఆగింది.

దర్జీ మూలన స్టూలు మీద నిలబడి చూస్తున్నాడు. కూర్చుంటే ముందున్న జనంలో ఆయనకు కనబడలేదట. "వచ్చే ఏడు కోట జర పెద్దగ కట్టు" అని మాత్రం అన్నాడు.

నేను ఛాతీ విరుచుకుని అవ్వ దగ్గరికి పోయి గుండు ఆమె చేతిలో పెట్టాను. "సూసినవా అవ్వా? తాత ఒళంబా పట్టుకోని మంత్రమేసిన, కోట కూలింది!"

అవ్వ గుండును కొంగుతో తుడిచి నడుముకు దోపుకుంది.

"మంత్రం గాదు, ఏం గాదు. నువ్వు కడితే కూలక ఏం జేస్తదిరా?"