మూడు అచ్చిరాని పెద్దమ్మ

మొన్న ఆదివారం మావారూ నేనూ కారు చూడ్డానికి హనుమాన్ జంక్షన్ వెళ్ళాం. నూజివీడులో మా ఇంటి నుంచి మా తోటకి పన్నెండు కిలోమీటర్లు. ఇన్నాళ్ళూ స్కూటరు మీదే తిరిగాం గానీ, ఈ ఏడు నా నడుం ఇక కుదరదని తేల్చి చెప్పేసింది. షోరూంలో అమ్మాయి మర్యాదగా మంచినీళ్ళిచ్చి, ఏసీ కింద కూర్చోబెట్టి, "ఇదే మోడల్ మూడు సిలిండర్ల ఇంజన్‌తోనూ ఉందండీ, నాలుగు సిలిండర్లతోనూ ఉందండీ. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఏది చూపించమంటారు?" అని అడిగింది. మావారు "ఆఁ?" అన్నారు. పాపం, ఆ అమ్మాయి మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. నాకు మాత్రం మూడు సిలిండర్లన్న మాట వినగానే నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నావని మావారు కళ్ళతోనే అడిగారు. అది ఏసీ గదిలో కూర్చుని రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు. చాట్రాయి దగ్గర ఎర్రనేలలో, మామిడి చెట్ల మధ్య, ముప్పై అయిదేళ్ళ వెనక నుంచి మొదలుపెట్టాలి.

మా అమ్మకి అక్క మా పెద్దమ్మ. ఆవిడకీ పెదనాన్నకీ పిల్లల్లేరు, అందుకని సెలవులిచ్చారంటే నేను వాళ్ళ పిల్లనైపోయేదాన్ని. తోటలో బంగినపల్లి, చిన్నరసాలు, కంచె వెంబడి కలెక్టరు చెట్లు ఉండేవి. కలెక్టరంటే మా వైపు జిల్లా అధికారి ఒక్కడే కాదు, ముక్కు వంకర తిరిగిన మామిడికాయ కూడా. అయితే పెదనాన్నకి చుట్టుపక్కల ఊళ్ళలో పేరు తెచ్చింది తోట కాదు, ఆయన చెవి. ఆయిల్ ఇంజన్ల రోజుల్లో ఎవరి ఇంజన్ మొరాయించినా ముందు ఆయన్నే తీసుకెళ్ళేవారు. ఆయన ఇంజన్ పక్కన గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, కాసేపు విని, ఫలానా చోట చూడండి అని లేచి చేతులు దులుపుకునేవారు. విప్పి చూస్తే జబ్బు అక్కడే ఉండేది. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి వింటాడు, ఈయనకి ఆ గొట్టం కూడా అక్కర్లేదని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆయనకో పాత ట్రాక్టరుండేది, రెండు సిలిండర్లది. అది నడుస్తుంటే ఇద్దరాడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి రోకళ్ళు వేస్తున్నట్టుండేది. పెదనాన్న రోడ్డు మలుపు తిరిగారని ఆ దంపుడు వినే పెద్దమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఇక పెద్దమ్మ సంగతి చెప్పాలంటే, ఆవిడకి శకునాలూ వర్జ్యాలూ పట్టేవి కావు. మంగళవారం పూట నిక్షేపంగా ప్రయాణం పెట్టుకునేది. పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చేది గానీ, అది దానికిన్ని పాలు పొయ్యడానికి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

నేను బి.ఇడి పరీక్షలు రాసి వెళ్ళిన వేసవిలో ఒక మధ్యాహ్నం, పెదనాన్న ట్రాక్టరు ఆపుకుని చక్రం దగ్గర గ్రీజు పెట్టుకుంటున్నారు. నేను వెనక నించుని భోజనానికి రమ్మని పిలిచాను. పలకలేదు. ఇంకోసారి పిలిచాను. మూడోసారి దాదాపు కేకేశాను. చెట్టు మీది ఉడత పారిపోయింది గానీ ఆయన తిరగలేదు. అంతలో పెద్దమ్మ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన తిరిగి, ఆవిడ ముఖంలోకి చూసి, "అన్నమా? పద" అన్నారు. ఆయన ఎప్పుడూ అలా పెద్దమ్మ ముఖంలోకి చూస్తూనే మాట్లాడేవారు. మేమంతా అది ప్రేమనుకునేవాళ్ళం. ప్రేమ కాదని కాదు. పెదవులు చూసి మాట పోల్చుకుంటున్నారని నాకు ఆ రోజు తెలిసింది. ఏళ్ళ తరబడి ఇంజన్ల పక్కన పెట్టిన చెవిని ఆ ఇంజన్లే తినేశాయి.

పెద్దమ్మ నన్ను కాయల గుట్ట వెనక్కి లాక్కెళ్ళింది. "ఎవరితోనూ అనకే. చెవి పోయిందని తెలిస్తే వీళ్ళంతా కలిసి ఆయన్ని బండి దింపేస్తారు. బండి దిగితే ఆయన మంచం ఎక్కుతారు" అంది. మరి తోటలో కూలీలు ఉంటారు కదా, ఎవరైనా అడ్డం వచ్చి అరిస్తే ఎలాగని అడిగాను. "అందుకే కదే నేను మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చునేది!" అంది. అప్పుడు నాకు వెలిగింది. అంతకుముందు రెండేళ్ళ నుంచీ ఆయన ట్రాక్టరెక్కితే చాలు, పెద్దమ్మ కూడా పమిట బిగించి పక్కన మడ్‌గార్డు మీద కూర్చునేది. ఆయన భుజం మీద చెయ్యి వేసి ఉంచేది. ఒకసారి తడితే వెనక బండి వస్తోందని, రెండుసార్లు తడితే ఆపమని. కొమ్మలు కిందికి వాలిన చోట మూడు మూరల మనిషిలా ముడుచుకుని, అయినా తల నిండా ఆకులతో దిగేది. ఈ వయసులో మొగుణ్ణి ఒక్క నిమిషం వదలదమ్మా అని ఊళ్ళో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకునేవారు. పెద్దమ్మ సిగ్గు పడినట్టు నటించేది. ఎంత బాగా నటించేదంటే నేను కూడా నమ్మాను.

ఆ ఏడు కాయ బాగా కాసింది. పాత ట్రాక్టరు ఇక లేవనంది. కొత్తది కొనాలి. పెదనాన్నకో తమ్ముడు ఉన్నాడు, నాకు బాబాయి. మంచివాడే, అన్నగారంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే వచ్చింది తంటా. "అన్నయ్యా, ఇంక నువ్వు చెట్టు కింద మంచమేసుకుని అజమాయిషీ చెయ్యి. స్టీరింగు నాకొదిలెయ్యి" అని రోజూ అనేవాడు. వీలైనంత వరకూ బాబాయి కంట పడకుండా పని కానిచ్చుకుందామని, పెద్దమ్మా పెదనాన్నా నేనూ పొద్దున్నే నూజివీడు బయల్దేరాం. గుమ్మం దాటామో లేదో బాబాయి ఎదురయ్యాడు. "ముగ్గురు బయల్దేరారేంటి వదినా? మంచి పనికి ముగ్గురు వెళ్ళకూడదు. ఉండండి, నేనూ వస్తున్నా" అని చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. "ముగ్గురైతే ఏమవుతుంది మరిదీ, మీ చాదస్తం గానీ" అని పెద్దమ్మ ఎంత చెప్పినా వినలేదు. నలుగురం బస్సెక్కాం. దారి పొడుగునా పెద్దమ్మ నోరు విప్పలేదు.

నూజివీడులో ట్రాక్టర్లమ్మే ఆయన మమ్మల్ని షెడ్డులోకి తీసుకెళ్ళి, ఒకే రంగు, ఒకే బానెట్టు ఉన్న రెండు బళ్ళు చూపించాడు. ఒకటి రెండు సిలిండర్లది, ఒకటి మూడు. "మీ మెట్ట నేలకి మూడుదే తీసుకోండి. వెన్నలా నడుస్తుంది, చప్పుడే ఉండదు" అన్నాడు. చప్పుడే ఉండదన్న మాటకి పెద్దమ్మ ముఖం చూశాను. ఉప్పు మర్చిపోయి కూర వడ్డించిన దానిలా నిలబడింది. బాబాయి ఉత్సాహంగా అన్నగారిని సీటెక్కించాడు. పక్క షెడ్డులో ఎవరో రేకులు కొడుతున్నారు. పెదనాన్న తాళం తిప్పారు. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుని సన్నగా నడవడం మొదలుపెట్టింది. ఆయనకి అంటుకోలేదనిపించింది. ఇంకోసారి తిప్పారు. నడుస్తున్న ఇంజన్ మీద స్టార్టరు పడి, పళ్ళు నూరినట్టు కర్ర్‌మంది. ట్రాక్టరు తోలేవాడెవడూ చెయ్యని పని అది. పరాయి ఊళ్ళ ఇంజన్లకి జబ్బు చెప్పిన మనిషి చేశారు. మెకానిక్కు "ఆన్‌లోనే ఉందండీ!" అని పరిగెత్తుకొచ్చాడు. పెదనాన్న చేతులు స్టీరింగు మీద అలాగే ఉండిపోయాయి. ఆ చేతులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

బాబాయి ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "ఏంటన్నయ్యా, స్టార్టైంది వినపడలేదా?" అన్నాడు.

పెద్దమ్మ గబగబా వెళ్ళి బాబాయికీ ట్రాక్టరుకీ మధ్య నించుంది. "వినపడకేం, నిక్షేపంలా వినపడింది. మూడు సిలిండర్ల బండి ఎక్కద్దని బస్సులో నేను పోరు పెట్టా. ఆయన మనసు మనసులో లేదు, చెయ్యి తడబడింది. నాకు మూడు అచ్చిరాదు" అంది. షెడ్డాయన నమ్మలేనట్టు చూసి, "ఇంజన్‌కి అలాంటివి ఉంటాయా అమ్మా! మూడు ముళ్ళు వెయ్యమా ఏంటి పెళ్ళికి?" అన్నాడు. "ఆ మూడు ముళ్ళూ వేసేది ఇద్దర్ని కలపడానికే కదండీ. మాకు రెండు చాలు" అంది పెద్దమ్మ. తర్వాత బాబాయి వైపు తిరిగి, "పొద్దున్న ముగ్గురు బయల్దేరకూడదన్నది ఎవరు మరిదీ? ముగ్గురు వెళ్ళకూడనిది మూడు సిలిండర్లు ఇంటికెలా తెస్తాం?" అని నిలదీసింది.  బాబాయి తన మాటని తనే ఎలా కాదంటాడు? పెదనాన్న మెల్లిగా దిగి, రెండోదాని మీదికెక్కి తాళం తిప్పారు. దబ్ దబ్ దబ్ మని బండి బండంతా అదిరింది. ఆ అదురు సీట్లోంచి ఆయన వెన్నులోకి పాకడం నాకు కనిపించింది. ముఖం విచ్చుకుంది. "ఇదే తీసుకుందాం" అన్నారు.

వారం తర్వాత చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి బండి ఇంటికి తోలుకొచ్చారు. ఒక మడ్‌గార్డు మీద పెద్దమ్మ, ఇంకో దాని మీద నేను. దారిలో చెరకు రసం బండి దగ్గర ఆగాం. పెదనాన్న గ్లాసు ఆవిడ చేతికిస్తూ, ముఖంలోకి చూసి, "నీకు మూడు అచ్చిరాదని ఇన్నేళ్ళలో నాకు చెప్పనే లేదే" అన్నారు. "నాకూ మొన్నే తెలిసిందండీ" అంది పెద్దమ్మ. అంతే. ఆ విషయం మీద వాళ్ళు మాట్లాడుకోగా నేను విన్నది ఆ రెండు మాటలే.

కానీ ఆడిన అబద్ధాన్ని పోషించాలి కదా. శకునాల మీద నమ్మకం లేని మనిషి ఆ రోజు నుంచీ మూడంటే హడలిపోయినట్టు బతకాల్సొచ్చింది. విస్తట్లో మూడు గారెలు పడితే నాలుగోది వేసేది. ఆ నాలుగో గారె పుణ్యమే నా ఈనాటి నడుం నొప్పి. ఊళ్ళో వాళ్ళు గుమ్మంలో నించుని "ముగ్గురం వచ్చాం, రమ్మంటావా, ఒకణ్ణి పంపించెయ్యమంటావా?" అని ఏడిపించేవారు. అందరికంటే ఎక్కువ ఏడిపించింది బాబాయే. వదినకి మూడు పడదని చుట్టుపక్కల చాటింపు వేసింది కూడా ఆయనే. పెద్దమ్మ కోపం తెచ్చుకుని చీపురెత్తేది. పెదనాన్న మాత్రం రోడ్డు మీద తల ఎత్తుకుని, భుజం మీద ఆవిడ చేత్తో, ఎవరికీ చిన్న గీత పడకుండా పదకొండు కాపులు ఆ బండి తోలారు. పెద్దమ్మకి మోకాళ్ళు పట్టేసి మడ్‌గార్డు ఎక్కలేకపోయిన రోజున, ఎవరూ అడక్కుండానే తాళం తీసుకెళ్ళి బాబాయి చేతిలో పెట్టారు. అందరూ భయపడ్డట్టు మంచం ఎక్కలేదు. అరుగు మీద పెద్దమ్మ మోకాళ్ళకి నూనె రాస్తూ కూర్చున్నారు.

ఇద్దరూ వెళ్ళిపోయాక ఒకసారి బాబాయితో ఈ సంగతి కదిపాను, ఇంక దాచాల్సిన పని లేదు కదా అని. ఆయన నవ్వాడు. "ఆ కర్ర్‌మన్న చప్పుడుకే నాకు అర్థమైందమ్మా. నేను ఆయన తమ్ముణ్ణి. కానీ వదిన అంతమందిలో నించుని అంత కష్టపడి అబద్ధమాడుతుంటే, నమ్మకపోతే బాగుండదు కదా" అన్నాడు. పెద్దమ్మకి మూడు పడదని ఊరంతా ఎందుకు చాటాడో నాకు అప్పుడు బోధపడింది.

సరే, షోరూం దగ్గరికి వద్దాం. ఆ అమ్మాయి ముందు నాలుగు సిలిండర్ల కారు తెప్పించింది. మావారు బెల్టు పెట్టుకుని బటన్ నొక్కారు. కాసేపు చూసి, మళ్ళీ నొక్కారు. ఆ అమ్మాయి కిటికీలోంచి వంగి, "సార్, ఆన్ అయిందండీ. మీరే మళ్ళీ ఆఫ్ చేశారు" అంది. నేను నవ్వబోయి ఆగిపోయాను. టీవీ చప్పుడు పెంచుతున్నారని నేను ఆయన్ని విసుక్కోవడం, వంటింట్లోంచి అడిగినవాటికి ఆయన బదులు చెప్పకపోవడం, ఆ నొక్కిన బటన్‌తో అన్నీ ఒక్కసారి వరస కట్టాయి. తర్వాత మూడు సిలిండర్లది వచ్చింది. బటన్ నొక్కగానే స్టీరింగు సన్నగా వణికింది. ఆయన రెండు చేతులూ దాని మీద ఆనించి, "ఇది బాగుందే" అన్నారు. "నాలుగుదే స్మూత్ అండీ మేడమ్, చాలామంది అదే తీసుకుంటున్నారు" అంది ఆ అమ్మాయి, ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తూ. "మాకు సరి సంఖ్య అచ్చిరాదమ్మా" అన్నాను.

మావారు ఆశ్చర్యంగా తిరిగి నా ముఖంలోకి చూశారు. నా పెదవుల వైపు. ఎన్నాళ్ళ నుంచి అలా చూస్తున్నారో, నేనేమో ప్రేమనుకుని మురిసిపోతున్నాను. చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, మిషను పెట్టించుకోమని బతిమాలాలి, అదంతా ఉంది. ఆ రోజుకి మాత్రం పక్క సీట్లో కూర్చుని, తలుపేసి, ఆయన భుజం మీద చెయ్యి వేశాను. మడ్‌గార్డు మీది పెద్దమ్మ వయసుకి నేనెప్పుడు వచ్చేశానో నాకు తెలియనే లేదు. కాలం కూడా ఆ మంచి ఇంజన్ లాంటిదే కాబోలు, నడుస్తోందని చప్పుడు చేసి చెప్పదు.