అతుక్కోని పాచి

చంద్రి కోపాన్ని మరిచిపోయే మనిషి కాదు. చిన్నప్పుడు బడిలో ఈమె మాట తీరును వెక్కిరించి క్లాసంతా నవ్వేలా చేసిన పంతులు ఒకాయన, రిటైరైనప్పుడు సన్మానానికి పాత విద్యార్థులందరినీ పిలిచాడట. ఈమె వెళ్లి ముందు వరుసలో కూర్చుంది. అందరూ చప్పట్లు కొడుతుంటే తను మాత్రం కొట్టలేదు. "చేతులు ఒళ్లోనే పెట్టుకున్న అక్కా. ఆయన చూసిండు. నాకు గంతే చాలు" అని చెప్పింది నాతో.

జనగామలో నేను లైబ్రేరియన్‌గా ఉన్న కాలేజీకి వృక్షశాస్త్రం చెప్పడానికి కాంట్రాక్టు మీద వచ్చింది. మహబూబాబాద్ దగ్గర తండా వాళ్లది. తండ్రి మాన్‌సింగ్ మిర్చి తోటల్లో కూలి. ఇంటికి ఫోన్ చేస్తే లంబాడీలో గలగలా మాట్లాడేది. మాతో మాత్రం తూకం వేసినట్టు మాట్లాడేది.

ఆదివారాలు బస్సులెక్కి ఊళ్లు తిరిగి మట్టి, మురికినీళ్లు తెచ్చేది. వాటిలోని ఆకుపచ్చ పాచిని ట్యూబుల్లో పెంచేది. కంటికి కనిపించనంత చిన్న జీవి. ఒక్క కణం, దానికి రెండు తోకలు. వాటిలో ప్లస్ అనీ మైనస్ అనీ రెండు రకాలుంటాయి. మైక్రోస్కోపులో ఎంత చూసినా ఏది ఏదో తెలియదు. ఒకదానితో ఒకటి కలిపి చూస్తేనే తెలుస్తుంది. చాలాకాలం ఏవీ కలవలేదు. చివరికి పాలకుర్తి వరిపొలం మట్టిలోనిదీ, భూపాలపల్లి బొగ్గుకుప్పల పక్కన నిలిచిన వాననీటిలోనిదీ జత కుదిరాయి. ఆరోజు నన్ను చెయ్యిపట్టి లాక్కుపోయి చూపించింది. అంతవరకు విడివిడిగా ఈదుతున్నవి చూస్తుండగానే గుంపులు గుంపులుగా అతుక్కుపోయాయి.

"కడుపు నిండినంతసేపు వీటికి జత యాదికి రాదక్కా" అంది. "నత్రజని దొరక్క ఆకలైతేనే తోకల మీద అగ్లుటినిన్లనే ప్రొటీన్లు వస్తయి. ప్లస్ దాని ప్రొటీను మైనస్ దానికి తగిలిందా, ఇగ విడువదు. దొరికిందని లోపలికి కబురు పోతది. అప్పుడు పైగోడ విడిచేసి రెండూ ఒకటైతయి."

ఆ సంగతి ఒక పరిశోధన పత్రికలో వచ్చింది. లైబ్రరీలో ముందు చూసింది నేనే. పైన ఉన్నది డిపార్టుమెంటు హెడ్ జగపతి సార్ పేరు ఒక్కటే. చంద్రి నిలబడే చదివి, నేరుగా ఆయన గదికి వెళ్లింది. నేను గుమ్మం దగ్గరే ఆగాను.

"పేరుల ఏమున్నది చంద్రీ? నీది కాంట్రాక్టు. ఇయ్యాల ఉంటవు, రేపు పోతవు. కాలేజీ పేరు నిలవాలె గద" అన్నాడాయన.

"సరే సార్" అని వచ్చేసింది.

"గంతేనా?" అన్నాను.

"ఇప్పటికి గంతే అక్కా."

ఆ ఏడే కాలేజీకి తనిఖీ బృందం వస్తుందన్నారు. వాళ్లకు ఈ జత కలవడాన్ని పెద్ద తెర మీద చూపిస్తానన్నాడు జగపతి సార్. చంద్రి ట్యూబులను ఆకలికి పెట్టి సిద్ధం చేసింది. ముందురోజు సాయంత్రం ఆయన వచ్చి వాటిని చూసి మొహం చిట్లించాడు.

"ఏందివి? కామెర్లు వచ్చినట్టు గిట్ల పాలిపోయినయి? పెద్దోళ్లు వస్తున్నరు, జర పచ్చగ కనపడాలె."

అలమారలోంచి నత్రజని ఉన్న పోషక ద్రావణం సీసా తీసి, స్వయంగా అన్నింటిలోనూ పోశాడు. నేను నోరు తెరవబోయాను. చంద్రి నా చెయ్యి నొక్కింది. ఆయన వెళ్లాక మెల్లగా అంది, "సారుకు ఎరుకే అక్కా. ఆయన కనిపెట్టినవే గద."

పొద్దున్నకి ట్యూబులు లేతవరి మడిలా పచ్చబడ్డాయి. సార్ రెండింటినీ కలిపి మైక్రోస్కోపు కింద పెట్టాడు. తెర మీద చుక్కలు ఈదుతున్నాయి. ఒకదానికొకటి తగులుతున్నాయి, సంతలో ముఖపరిచయం లేనివాళ్లలా తప్పుకుపోతున్నాయి. కడుపు నిండిన వాటి తోకల మీద పట్టుకునే ప్రొటీన్లు లేవు. సార్ మళ్లీ కలిపాడు. కుర్చీలు కిర్రుమన్నాయి. వచ్చినవాళ్లలో ఒక పెద్దావిడ గడియారం చూసుకుంది.

"చంద్రీ, నీ దగ్గర వేరేవి ఉన్నయా?"

"ఉన్నయి సార్, బ్యాగుల."

"తియ్యి మరి!"

"ఇవి ఎవరు తెచ్చిన్రో, ఎవరు జత కుదిర్చిన్రో మేడమ్‌కు చెప్పున్రి సార్. తీస్త."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చెమటతో తడిసి ఉంది. "మా చంద్రి మస్తు హెల్ప్ చేసింది మేడమ్."

చంద్రి బ్యాగు జిప్పు మూసేసింది. "హెల్ప్ అయిపోయింది సార్" అని బయటికి నడిచింది.

మరుసటి ఏడు ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. భూపాలపల్లిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరింది. నేనూ రిటైరయ్యాను. ఒకరోజు జగపతి సార్ మా ఇంటికే వచ్చాడు. పత్రికలో రాసింది నిజమో కాదో తామే చూసుకుంటామని పెద్ద ల్యాబు వాళ్లు రెండు రకాల పాచినీ పంపమన్నారట. ఈయన దగ్గరున్నవి బూజు పట్టి చచ్చిపోయాయి. పంపకపోతే రాసిందంతా అబద్ధమంటారు.

"మీ మాట వింటది, జర అడగున్రి. ఈసారి ఆమె పేరు పెడ్త. రెండో పేరుగ."

నేను భూపాలపల్లి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. చంద్రి విని, "రెండోదా?" అంది.

"గట్లనే అన్నడు."

లేచి కిటికీ గట్టు మీంచి ఒక్క ట్యూబు తెచ్చింది. అందులోని పచ్చనీళ్లను రెండు కొత్త ట్యూబుల్లోకి పంచి, దూది పెట్టి మూసి, ఒకదానిమీద 'పాలకుర్తి', రెండోదానిమీద 'భూపాలపల్లి' అని కాగితాలు అతికించింది.

"చంద్రీ, రెండూ ఒక్కటే గద?"

"ఒక్కటే. రెండూ భూపాలపల్లి మైనస్సే. ఎంత ఆకలికి పెట్టినా, ఎన్నిసార్లు కలిపినా ఒకదాన్నొకటి పట్టుకోవు. చూస్తే మాత్రం ఏ వంకా కనపడదు."

"మరి పాలకుర్తిది?"

"నా కిటికీల ఉన్నది, అక్కడనే ఉంటది. ఆ పొలం ఇప్పుడు ప్లాట్లయింది. ఎంత వెతికినా ఆయనకు ఆ మట్టి దొరకదు." నా ముఖంలోకి చూసి, "మీరు తీస్కపోకున్నా నాకేం కోపం లేదక్కా" అంది.

తువ్వాలలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. జగపతి సార్ ట్యూబులు రెండూ వెలుతురుకు పట్టి మురిసిపోయాడు.

"మంచి మనిషే పాపం చంద్రి."

"పంపేముందు ఒకసారి కలిపి చూసుకోరా సార్?"

"ఎందుకమ్మా? పేర్లు రాసే ఉన్నయి గద."

"ఉన్నయి సార్" అన్నాను.