ఇద్దరు గోవిందరాజులు

కరెంటు పోయి యూపీఎస్ కీచుమన్నప్పుడల్లా నా చూపు ముందు సర్వర్ వైపు కాదు, మూలనున్న ఇనుప బీరువా వైపు పోతుంది. అందులో రోగుల పాత అట్ట కార్డులున్నాయి. ధర్మపురిలోని మా చిన్న ఆసుపత్రిలో రికార్డుల విభాగం చూసిన సరోజక్క వాటిని చివరిదాకా పారేయనివ్వలేదు. ఆమె అందరికీ మేడమ్. ఆసుపత్రిలో అంతా తమిళమే అయినా, ఇళ్ళల్లో ఇద్దరమూ తెలుగే మాట్లాడేవాళ్ళం కాబట్టి నాకు మాత్రం అక్క.

నేను కంప్యూటర్ల పనికి చేరిన ఏడాది ఒకరోజు కరెంటు పోయి, యూపీఎస్ కూడా పనిచేయక సర్వర్ ఉన్నపళంగా ఆగిపోయింది. మళ్ళీ లేపితే రోగుల పట్టిక పాడై ఉంది. చాలామంది పుట్టిన తేదీలు మాయం. పేర్లు కొన్ని రెండేసిసార్లు కనబడ్డాయి. నాకప్పుడు కళ్ళు నెత్తిమీదున్నాయి. పేరు, ఇనీషియల్, ఊరు, ఫోను నంబరు నాలుగూ కలిస్తే మనిషి ఒక్కరేనని తీర్మానించి, కంప్యూటర్‌కు ఆదేశంగా ఒక క్వెరీ రాసి, రెండో వరసలన్నీ తుడిచేశాను. పది నిమిషాల పని. వెళ్ళి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

అక్క మెచ్చుకోలేదు. తుడిచిన పేర్ల జాబితా అడిగి తీసుకుని, బీరువా ముందు స్టూలు వేసుకుని, ఒక్కో పేరుకూ కార్డు వెతకసాగింది. ఇదేం చాదస్తమని లోపల విసుక్కున్నాను. మధ్యాహ్నానికి రెండు కార్డులు తెచ్చి నా బల్లమీద పెట్టింది. రెండింటిమీదా కె. గోవిందరాజులు, బి. మల్లాపురం, ఒకే ఫోను నంబరు. ఒకరికి డెబ్బై దాటాయి, ఇంకొకడికి తొమ్మిదేళ్ళు. పెద్దాయన కార్డుమీద ఎర్ర సిరాతో పెన్సిలిన్ పడదని రాసి ఉంది. నేను తుడిచిన వరస ఆయనదే. కాలి పుండు చూపించుకోవడానికి మర్నాడే రావలసిన మనిషి.

"మన ఇండ్లల్లో తాత పేరే కదా మనవడికి పెట్టేది. ఇంటికంతా ఒకటే ఫోను," అంది. "రేపు ఆయనకు సూది వేసుంటే ఎవురు జవాబు చెప్పేది?"

మా అన్నకు పెట్టింది మా తాత పేరే. అయినా నాకు తట్టలేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది. అక్క ఓదార్చలేదు, పని చెప్పింది. వారం కిందటి బ్యాకప్‌ను పక్కన వేరే డేటాబేస్‌గా ఎక్కించి, తుడిచిన వరసలూ పోయిన తేదీలూ అందులోంచి తెచ్చాను. మొదట చేయవలసిన పని అదే. ఆ వారం వచ్చినవాళ్ళవి కార్డులు చూసి టైపు చేశాను. ఆ తర్వాత, జంటగా కనబడిన ప్రతి పేరుకూ ఆ ఇంటికి ఫోను చేయించింది. మొరప్పూరులో ఒకావిడ మాత్రం నిజంగానే ఒక్కతే. కార్డు పోగొట్టుకుని, తిడతారని భయపడి కొత్తగా రాయించుకుందట. ఆవిడ రెండో వరసను తుడిచేటప్పుడు అక్క నా పక్కనే నిలబడింది.

"ఇప్పుడు తుడువు," అంది. "అడక్కుండా మాత్రం ఎవుర్నీ తుడవొద్దు పాపా."

అక్క పోయి ఏడాది దాటింది. మొన్న అదే జంట పేర్ల తనిఖీ నడిపితే జాబితాలో ఆమె పేరు రెండుసార్లు వచ్చింది. ఇనీషియల్, వీధి, ఫోను నంబరు అన్నీ ఒకటే. రెండో వరసలో పుట్టిన తేదీ లేదు. అది అక్క మనవరాలిదని నాకు తెలుసు. అత్త పేరు పలకకూడదని కోడలు ఆ పిల్లను బుజ్జి అని పిలిచేది. తెలిసినా అడగాలి కదా. అక్క నంబరుకే ఫోను చేసి, ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నానని చెప్పి పేరు అడిగాను.

"సరోజ మాట్లాడతా ఉండాను," అంది పిల్ల.

పుట్టిన తేదీ అడిగి రాసుకున్నాను. రెండు వరసలూ ఉంచాను.