అజాన్‌కు అర్ధగంట ముందు

నవంబరు పద్దెనిమిది, మంగళవారం.

మా పక్కింటి మాస్టర్ సాబ్ పోయి నేటికి తొమ్మిది రోజులు. ఆ ఆదివారం పొద్దున చాయ్ తాగి, కప్పు తానే కడిగి బోర్లించి, మిద్దె మీద ఎండలో కుర్చీ వేసుకొని కూర్చున్నారు. మళ్ళీ లేవలేదు. మా రెండు మిద్దెలకూ మధ్య నడుమెత్తు పిట్టగోడ ఒకటే అడ్డం. దాని మీదికి వంగి ఆయన బిడ్డ నన్ను పిలిచింది. "ఆంటీ, అబ్బా పలుకుతలేరు. మీరు జర రాండ్రి." నేను వెళ్ళేసరికే అంతా అయిపోయింది.

వచ్చే నెలలో జరిగే పట్టణ జీవవైవిధ్య కార్యశాలలో ఆయన తన పక్షుల లెక్క చదవవలసి ఉంది. ఆ కార్యశాల పుస్తకం కోసం ఆయనను గురించి రెండు పేజీలు రాయమని నిర్వాహకులు నన్ను అడిగారు. రాస్తున్నాను. అయితే తలుచుకోవడానికి మాత్రమే కాదు. ఆయన లెక్కలో ఒక తప్పు ఉందని కార్యశాలవారు పట్టుకున్నారు. ఆ తప్పు ఆయనది కాదు, నాది. దాన్ని సరిదిద్దకపోతే ఇన్నేళ్ల లెక్కనూ పక్కన పెట్టేస్తారు. పుస్తకం అచ్చుకు వెళ్ళేలోపు ఆ సంగతి కార్యశాలవారైన మీకు చెప్పాలి.

ఆయన హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. నేను ఒక ప్రభుత్వ కార్యాలయం అకౌంట్స్ విభాగంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా పేట హుస్సేనీ ఆలంలో మా ఇళ్ల వెనుక ఒక పాత దేవిడీ, నవాబుల కాలపు పెద్ద బంగళా, ఉండేది. గదులు ఎప్పుడో కూలాయి, రాతి కమాను మిగిలింది. ఆ కమాను లోపలి కప్పు నిండా అబాబీళ్ల గూళ్లు. అబాబీల్ అంటే మా పేటలో అందరికీ తెలిసిన చిన్న నల్లపిట్ట. నడుము మీద తెల్ల పట్టీ ఉంటుంది. తీగ మీద వాలదు, నేల మీద నడవదు. గడ్డిపరకలూ ఈకలూ ఉమ్మితో అతికించి గూడు కట్టుకుంటుంది. పగలంతా గాలిలోనే తిరిగి, పొద్దుగుంకే వేళకు కీచుమంటూ వచ్చి గూళ్లలో దూరుతుంది. ఇవన్నీ ఆయన చెప్పగా తెలిసినవే. ఆ కమాను పక్కన పుట్టి పెరిగినా అంతకుముందు నాకు ఆ పిట్ట పేరు మాత్రమే తెలుసు.

ఒక మార్చి నెల సాయంత్రం నేను వడియాలు ఎత్తడానికి మిద్దె ఎక్కాను. ఆయన కమాను వైపు చూస్తూ ఏవో అంకెలు గొణుక్కుంటున్నారు. చేతిలో పాత పెళ్లి కార్డు, దాని వెనుక అడ్డదిడ్డంగా పెన్సిలు గీతలు.

"ఏంది మాస్టర్ సాబ్, గిది?"

"పిట్టల లెక్క అక్కా."

"గిదేం లెక్క? నిన్నటిది ఏది?"

ఆయన జేబులు తడుముకున్నారు. నిన్నటిది పాల ప్యాకెట్టు మీద ఉందట. ఆ ప్యాకెట్టును బిడ్డ చెత్తలో వేసిందట.

మర్నాడు నేను ఒక పొడవు నోటుబుక్కు తీసి గళ్లు గీశాను. తేదీ, సమయం, వాతావరణం, రాక, పోక, నిల్వ. లోపలికి వెళ్ళిన పిట్ట మళ్ళీ బయటికి వస్తుంది గనుక పోక రాయనిదే నిల్వ తేలదు. ఆయన ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వారు. "అక్కా, నువ్వు ఆఫీసుల ఉన్నప్పుడు జనం సెలవు చీటీ ఇయ్యనీకి గూడ భయపడి ఉంటరు."

"భయపడేటోళ్లు. అందుకే లెక్క తప్పలే" అన్నాను.

ఆ రోజు నుంచి ఆయన చెప్పడం, నేను రాయడం. ఏడేళ్ల ఎనిమిది నెలలు, ఎనిమిది పుస్తకాలు. ఆయన తన మిద్దె మీద గోడకు వీపు ఆనించి ముక్కాలిపీట మీద కూర్చునేవారు. కమాను మీది నుంచి చూపు తిప్పేవారు కాదు. "రెండు లోపల. ఒకటి బయట. నాలుగు లోపల." నేను గోడకు ఇవతల నిలబడి రాసేదాన్ని. పిట్టలు ఒక్కసారిగా గుంపుగా దిగితే నోటితో చెప్పడం కుదరదు. అందుకని కుడి జేబులో చింతగింజలు పోసుకొని, లోపలికి పోయిన ఒక్కో పిట్టకు ఒక్కో గింజను ఎడమ జేబులోకి మార్చేవారు. ఆ తర్వాత గింజలు గోడ మీద పరిచి లెక్కపెట్టేవాళ్లం. వేలు చూపించడం, చెయ్యి ఊపడం ఆయనకు నచ్చవు. "పిట్ట మనల్ని జూసి ఇంటికొచ్చే దారి మార్చుకోవద్దు" అనేవారు.

మసీదులో పొద్దుగుంకే నమాజుకు పిలుపు, అజాన్, వినపడగానే లెక్క బందు. ఆ తర్వాత ఇంకా నాలుగైదు పిట్టలు వస్తూ ఉండేవి. మొదట్లో వాటినీ రాయబోతే ఆపారు.

"అజాన్ తర్వాత వచ్చేటివి మన లెక్కల రావు అక్కా. అవి అల్లా లెక్క."

రంజాన్ నెలలో ఉపవాసంతోనే లెక్కకు కూర్చునేవారు. ఎడమ చేతిలో రెండు ఖర్జూరాలు ఉండేవి. అజాన్ వినగానే ఒకటి తాను నోట్లో వేసుకొని, రెండోది గోడ మీద నా పుస్తకం పక్కన పెట్టేవారు. ఒక్క ఏడాది కూడా మరిచిపోలేదు.

సదస్సులంటే ఆయనకు ప్రాణం. ఎక్కడ పర్యావరణం మీద సభ జరిగినా కబురు తెచ్చుకునేవారు. తలుపు వెనుక ఒక పట్టీ అంటించి ఉండేది. ఏ ఊరు, ఏ విషయం, వ్యాసం పంపడానికి ఆఖరు రోజు ఏది, చివరి గడిలో చాయ్ ఇస్తారా ఇవ్వరా. గళ్లు గీయడం నా దగ్గరే నేర్చుకున్నారు, చాయ్ గడి మాత్రం ఆయన సొంతం. వెనుక వరుసలో కూర్చొని అన్నీ రాసుకొని వచ్చేవారు. ఒక సభలో ఎవరో "మీది ఏ సంస్థ?" అని అడిగితే "మాది మిద్దె" అన్నారట. ఆ సంగతి నాకు చెబుతూ చాలాసేపు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి అన్న మాట నాకు గుర్తుంది. "పెద్ద చదువులోళ్లు అడివి జూస్తరు. మంచిదే. గల్లీల పిట్టను గల్లీలోళ్లు గాకుంటే ఎవరు జూస్తరు అక్కా?"

ఈసారి మాత్రం ఆయన వెనుక వరుసలో కూర్చోవడానికి బయలుదేరలేదు. కమానుకు మరమ్మత్తు రాబోతోంది. దాని యజమాని సేఠ్ మంచివాడే. రాళ్లు వదులై ఎవరి నెత్తిన పడతాయోనని అతని భయం. మేస్త్రీ లోపలి కప్పు గీకి గచ్చు వేస్తే గూళ్లన్నీ రాలిపోతాయి. మాస్టర్ సాబ్ నన్ను వెంటబెట్టుకొని సేఠ్ దుకాణానికి వెళ్ళారు.

"మీ పిట్టలకు నేను దుష్మన్‌ను గాదు మాస్టర్ సాబ్" అన్నాడు సేఠ్. "గని అందరు ఒకటొకటి చెప్తరు. మీ లెక్క నిజమని చదువుకున్నోళ్లతోటి ఒక్క కాగితం రాయించున్రి. లోపలి కప్పు ముట్టనియ్య. రాళ్లు బయటి నుంచే బిగిపిస్త."

ఆ కాగితం కోసమే ఆయన కార్యశాలకు లెక్క పంపారు. ఇక నా తప్పు సంగతికి వస్తాను.

పుస్తకం గీసిన మొదటి రోజు సమయం గడి దగ్గర నా కలం ఆగింది.

"ఎంతకు మొదలు పెట్టిన్రు?"

"అజాన్‌కు అర్ధగంట ముందు."

"అది టైమా? గడియారం జూసి చెప్పున్రి."

"పిట్టలు గడియారం జూస్తయా అక్కా?"

"కాగితం జూస్తది" అన్నాను.

గడియారం చూశారు. ఆరు నుంచి ఆరున్నర. రాశాను. మర్నాడు దాని కింద రెండు చిన్న గీతలు పెట్టాను, పై మాటే అన్న గుర్తుగా. ఆ మర్నాడూ అంతే. ఆఫీసులో మారని గడిని మేము అలాగే నింపేవాళ్లం. కొత్త పుస్తకం వస్తే మొదటి పేజీ మొదటి వరుసలో ఆరు నుంచి ఆరున్నర అని రాసి, ఆ కింద ఏడాది పొడుగునా రెండు గీతలు. పొద్దు ఏడాది పొడుగునా మారుతూనే ఉంది, దానితోపాటు అజాన్ మారింది, ఆయన కూర్చునే వేళ మారింది. డిసెంబరులో శాలువా కప్పుకొని ఐదుంపావుకే మెట్లెక్కినదాన్ని నేనే. మిద్దె మీదికి వచ్చాక ఆరు గంటల కింద రెండు గీతలు పెట్టినదాన్నీ నేనే. మా మనవరాలి బడి లెక్కల కూడికలో ఒక్క అంకె తేడా వస్తే దాని చేత పేజీ అంతా తిరగరాయించినదాన్ని, ఆ గడి వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం లెక్క ముగిశాక ఆయన మెల్లగా అడిగారు. "అక్కా, మన బుక్కుల టైము గడి ఒకపారి జూస్తవా?"

"నేను రాసినదాంట్ల తప్పెక్కడుంటది మాస్టర్ సాబ్?"

"లేదు లేదక్కా. ఊకెనే అడిగిన."

మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎందుకు అడిగారని అడగలేదు.

మొన్న శుక్రవారం ఆయన బిడ్డ ఒక ఫైలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "అబ్బా కుర్తా జేబుల చింతగింజలున్నయి ఆంటీ. అవి నేనుంచుకుంట. ఇది మీది." ఫైలులో కార్యశాలవారి ఉత్తరం ఉంది. తేదీ చూస్తే ఆయన నన్ను అడగడానికి రెండు రోజుల ముందుది. డిసెంబరులో ఆరున్నరకు మీ ఊళ్లో చీకటి పడి ఉంటుంది, ఆ చీకట్లో చిన్న నల్లపిట్టను ఎలా లెక్కపెట్టారు, సరైన వివరణ రాకపోతే ఈ లెక్కను చేర్చుకోలేము అని మర్యాదగానే రాశారు. సరైన ప్రశ్న. వారి స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని.

దాని కింద మాస్టర్ సాబ్ జవాబు చిత్తుప్రతి ఉంది. మొదటి రెండు వాక్యాలే రాశారు. "సమయం విషయంలో పొరపాటు నాది. పుస్తకం రాసిన మా అక్కయ్య చేతిరాత మీద దయచేసి అనుమానపడవద్దు."

ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టాను.

బిడ్డ ఇంకా నిలబడే ఉంది. "ఇప్పుడెట్ల ఆంటీ? అజాన్ ఏ రోజు ఎంతకయిందో ఎవరికి యాదికుంటది?"

నేను లోపలికి వెళ్ళి మొదటి పుస్తకం తెచ్చాను. నా పుస్తకాలన్నిటికీ అట్టలు వేసింది ఆయనే. తెల్లటి దళసరి కాగితం, మూలలు బడిపిల్లల పుస్తకాలకు వేసినట్టు మడిచి ఉంటాయి. కాగితం ఎక్కడిదని ఎన్నడూ అడగలేదు. అట్ట పాతబడి ఒక మూల చిరిగింది, లోపలి వైపు పచ్చటి అంకెలు కనబడ్డాయి. విప్పాను. అది మసీదువారు ఏటేటా పంచే నమాజు వేళల పట్టిక. నెలవారీగా, రోజువారీగా, పొద్దుగుంకే నమాజుతో సహా ప్రతి వేళా అచ్చయి ఉంది. ఎనిమిది పుస్తకాలూ విప్పాం. ఎనిమిదింటికీ అదే, ఏ ఏటి పుస్తకానికి ఆ ఏటిది. మా వాకిట్లోని రాతి పలక మీద కూర్చొని బిడ్డ ఒక్కో పట్టికనూ అరచేత్తో సాపు చేసింది.

"అబ్బాకు ఎరికేనా ఆంటీ?"

ఎరిగే వేశారో, ఇంట్లో ఉన్న కాగితం గనుక వేశారో నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయను. ఆ పట్టికలోని వేళలో నుంచి అర్ధగంట తీసేస్తే ఆయన ముక్కాలిపీట మీద కూర్చున్న వేళ వస్తుంది. అది మాత్రం తెలుసు.

ఇక జరగవలసినవి రాస్తాను.

1. ఎనిమిది పుస్తకాల సమయం గడిని నేనే తిరిగి రాయాలి. పాత రాత చెరపకూడదు. దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన సరైన వేళ వేసి, సంతకం పెట్టాలి. రెండు పుస్తకాలు అయ్యాయి.

2. కార్యశాలవారికి వివరణ నా పేరు మీదే వెళ్ళాలి. పట్టికలు జత చేయాలి. మాస్టర్ సాబ్ చిత్తుప్రతి పంపకూడదు, అందులో మొదటి వాక్యం నిజం కాదు. అది నా దగ్గరే ఉంటుంది.

3. కార్యశాలలో ఆయన బిడ్డ లెక్క చదవాలి. సమయం గడి మీద ఎవరు ఏమడిగినా నేను లేచి జవాబు చెప్పాలి.

4. కార్యశాలవారు మీరు పుస్తకాలన్నీ చూడాలి. తృప్తి కలిగితేనే సేఠ్‌కు కాగితం ఇవ్వాలి. అంతవరకు మేస్త్రీని పిలవనని సేఠ్ నాకు మాట ఇచ్చాడు.

5. తలుపు వెనుక పట్టీలో ఫిబ్రవరిలో బడిపంతుళ్లకు పక్షుల గణన నేర్పే శిక్షణ ఒకటి ఉంది. చాయ్ గడి ఖాళీగా ఉంది. కనుక్కోవాలి. ఇచ్చినా ఇవ్వకపోయినా నేనూ ఆయన బిడ్డా వెళ్ళాలి.

6. ఆయన పోయిన సాయంత్రం నుంచి ఎనిమిది గళ్లు ఖాళీ. వాటిని ఖాళీగానే ఉంచాలి.

7. ఇకమీద లెక్క ఆగకూడదు. బిడ్డ రాయాలి, నేను చూడాలి. నిన్న మొదలుపెట్టాం. ఐదు గంటల పదకొండు నిమిషాలకు ఆయన ముక్కాలిపీట మీద కూర్చున్నాను. చూపు కమాను మీద, జేబు లేదు గనుక చింతగింజలు కొంగులో. ఏడేళ్ల ఎనిమిది నెలలు నా చూపు పుస్తకం మీదే ఉండేది. ఆ పిట్ట లోపలికి వచ్చేముందు రెక్కలు కదలకుండా ఒక్క క్షణం గాలిలో జారుతుందని నిన్ననే చూశాను. అజాన్ మొదలైంది. బిడ్డ కలం మూసి, తల మీద దుపట్టా సర్దుకుంది. ఆ తర్వాత ఒక్కటి వచ్చింది. కమాను ముందు ఒక చుట్టు తిరిగి లోపలికి పోయింది. బిడ్డ నా వైపు చూసింది. వద్దని తల ఊపాను. దాన్ని రాయలేదు.