కత్తికి పని దొరికిన రోజు

పొది తాత పోయాడు. మొన్న గురువారం పొద్దున్నే, కొల్లేటి నుంచి వల దారం కోసం మా కొట్టుకు వచ్చే పడవాయన ఆ కబురు తెచ్చాడు.

“తాత ఇక లేడండీ. లంకలో కూతురింట్లో గంజి తాగి అరుగు మీద కూర్చున్నాడంట, అలాగే ఒరిగిపోయాడంటండి,” అని చెప్పి, నడుముకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చిన్న గుడ్డమూట ఒకటి నా ముందు పెట్టాడు. “ఇది మీకిమ్మని కూతురికి మరీ మరీ చెప్పాడంటండి.”

మూట విప్పితే మంగలికత్తి. పిడి అరిగిపోయి, అంచు మాత్రం తళతళలాడుతూ ఉంది. నేను దారపు ఉండ వదిలేసి కొట్టులో అందరి ముందూ భోరుమన్నాను.

తాత నాకు రక్తసంబంధం కాదు. మాది తాడేపల్లిగూడెంలో తాళ్ళూ, వల దారమూ అమ్ముకునే వైశ్య కుటుంబం. అతను నాలుగు రోజులకోసారి మా వీధికి వచ్చి గెడ్డాలు గీసే మంగలి. కత్తీ, కత్తెరా, అద్దమూ పెట్టుకునే తోలుసంచిని పొది అంటారు కదా, అది చంకన లేకుండా అతన్ని చూసినవాళ్ళు లేరు. అందుకే పొది తాత. నెలకు పది రోజులు ఏలూరు వెళ్ళి, అక్కడినుంచి పడవెక్కి కొల్లేటి లంకల్లో తిరిగేవాడు. పెళ్ళిళ్ళకు సన్నాయి ఊదేవాడు. ‘మంగలి పాత, చాకలి కొత్త’ అన్నారు పెద్దలు. మా నాన్నగారికి గీసిన చెయ్యే నాకూ గీసింది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు గొంతు తగ్గించి రాయాలంటారు. నాకు చేతకావడం లేదు. తాతను తలుచుకుంటే నాకు దుఃఖం కంటే ముందు ఉత్సాహం తన్నుకొస్తోంది! అతను నాకు చేసిన మేలు నలుగురిలో చెప్పుకునేది కాదు. అయినా చెబుతాను. నాలాంటివాడు ఒక్కడైనా ఇది చదివి సిగ్గు వదిలితే చాలు.

పెళ్ళయిన రెండో ఏడు, బండి మీంచి తాళ్ళ మోపులు దింపుతూ వెల్లకిలా పడ్డాను. నడుం పట్టేసింది. మా ఊళ్ళో ఒక వైద్యుడు నల్లని మాత్రలిచ్చాడు. ఒకటి మింగితే నొప్పి చేత్తో తీసేసినట్టు పోయేది! నెల తిరిగేసరికి నొప్పి పోయింది, మాత్ర మాత్రం పోలేదు. మింగకపోతే ముక్కు కారేది, ఒళ్ళు లాగేది. మింగితే హాయి. అలా మూడేళ్ళు మింగాను.

ఆ మూడేళ్ళలో నాకేమైందో నాకే తెలియలేదు. ఒకప్పుడు రెండు మోపులు భుజాన వేసుకుని పరిగెత్తినవాణ్ణి, ఒక్క మోపుకే ఆయాసపడేవాణ్ణి. పట్టపగలు కొట్టులో కునికిపాట్లు. ఉత్తపుణ్యానికి ఏడుపు. ఉన్నట్టుండి ఒళ్ళంతా చెమటలు. ఇక మా ఆవిడ పక్కన కూర్చుని పలకరించినా, ఎవరో పొరుగింటావిడ పలకరించినట్టే ఉండేది. మనసులో ప్రేమ ఎక్కడికీ పోలేదు. ఒంట్లో మాత్రం చలనం లేదు. ఇంతకన్నా విప్పి చెప్పలేను, అర్థం చేసుకోండి.

పిల్లలు లేరు. ఊరంతా మా ఆవిడనే అంది. అమ్మ మొదట మొక్కులు మొక్కించింది, తర్వాత నాకు రెండో సంబంధం చూడటం మొదలుపెట్టింది. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. వంటింట్లో ఆవిడ గాజుల చప్పుడు కూడా తగ్గిపోయింది. తప్పు నాదని నాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. అంతకంటే సిగ్గుమాలిన పని నా జన్మలో ఇంకోటి చేయలేదు.

చాటుగా మాత్రం ఒక పని చేశాను. పత్రికలో ప్రకటన చూసి, పోస్టులో ధాతుపుష్టి లేహ్యం తెప్పించుకున్నాను. రెండు పూటలా నాకాను. ఇంకా నీరసం, ఇంకా మత్తు!

అలాంటి రోజుల్లో ఒక పొద్దున తాత వచ్చాడు. గెడ్డం గీసేటప్పుడు లంకల్లో కబుర్లన్నీ చెప్పడం అతని అలవాటు. ఎవరి వలలో ఎంత వాలుగ పడింది, ఏ పడవ ఎక్కడ ఒరిగింది, అన్నీ చెప్పేవాడు. ఆ రోజు మాట్లాడలేదు. నురుగు రాశాడు, కత్తి ఒకసారి లాగాడు, ఆగాడు. మళ్ళీ లాగాడు.

“బాబూ, కత్తి పాడటం లేదండి.”

“కత్తి పాడటమేంటి తాతా?”

“మగాడి బుగ్గ మీద కత్తి గర్రుమనాలండి. మీ పెళ్ళినాడు గీశాను కదండీ, వీధి చివరికి వినపడింది. ఇప్పుడు వెన్న మీద పోతన్నట్టు పోతందండి. ఏడాదిగా చూస్తన్నాను. ఏం మందు మింగుతున్నారండీ?”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “నీ పని గెడ్డం గియ్యడం, వైద్యం కాదు. గీసి పో!” అన్నాను.

“ఆయ్, పోతానండి. గియ్యడానికి ఏముందనండీ?” అన్నాడు తాత, నవ్వకుండా.

నాకు నవ్వొచ్చింది. నవ్వు వెంటనే ఏడుపొచ్చింది. లోపలికి వెళ్ళి మాత్రల డబ్బా, లేహ్యం సీసా రెండూ తెచ్చి అతని ముందు పెట్టాను. తాత మాత్రను వాసన చూసి తలూపాడు. లేహ్యం వేలికొసతో తీసి నాలుకకు రాసుకుని, తుపుక్కున ఉమ్మేశాడు.

“ఓరి నాయనోయ్! ఇదీ నల్లమందే, అదీ నల్లమందేనండి! దీనికి బెల్లం, నెయ్యి కలిపారు, అంతే తేడా. రోగానికీ రోగం తగ్గడానికీ ఒకటే మందు మింగుతున్నారండీ మీరు!”

పెనం మీంచి పొయ్యిలో పడటమంటే ఇదే.

“నాకెలా తెలుసంటారేమో. లంకల్లో చలికాలం నీళ్ళలో దిగేముందు కొందరు శనగగింజంత వేసుకుంటారండి, చలి తెలీకుండా. ఏళ్ళ తరబడి వేసుకున్నోళ్ళ బుగ్గలన్నీ ఇలాగే ఉంటాయండి. నా కత్తికి తెలుసు. కత్తి అబద్ధం చెప్పదు బాబూ.”

మూడో రోజుకల్లా నన్ను రైలెక్కించి ఏలూరు తీసుకెళ్ళాడు. అక్కడ ఇంగ్లీషు చదువు చదివిన డాక్టరుగారు అంతా విని, నన్ను పరీక్ష చేసి చెప్పారు. “ఒంట్లో గ్రంథులని ఉంటాయి. మగవాడికి బలం, గెడ్డం, కోరిక, హుషారు వాటిలో ఊరే రసాల వల్లే. హార్మోన్లని కొత్త పేరు పెట్టారు. నల్లమందు తిన్నన్నాళ్ళూ అవి పడుకుంటాయి. ఒక్కసారే మానేస్తే ఒళ్ళు తట్టుకోదు, మెల్లగా తగ్గించండి. వాటిని లేపే మందు సీమదేశంలో ఏదో కనిపెడుతున్నారట, నా దగ్గర మాత్రం లేదు. మళ్ళీ లేస్తాయనే ఆశ. ఒట్టు మాత్రం వెయ్యలేను.” చివర్న అడిగారు, “ఇంతకీ నల్లమందని ఎవరు పట్టుకున్నారు?”

“మా మంగలి తాతండీ. బయట నిలబడ్డాడు.”

“బయటెందుకు? లోపలికి పిలవండి,” అని డాక్టరుగారు లేచి, తన ఎదురుగా కుర్చీ చూపించారు. తాత ఆ కుర్చీలో కొసన కూర్చుని, పొదిని ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికొడుకులా సిగ్గుపడ్డాడు!

అక్కడితో ఊరుకోలేదు. అటునుంచటే పడవెక్కించి లంకకు తీసుకెళ్ళాడు. అక్కడో ముసలి చేపలాయన వల బాగుచేసుకుంటున్నాడు. తాత విషయం చెప్పీ చెప్పకముందే ఆయన నా చెయ్యి లాక్కుని తన బుగ్గకేసి రుద్దుకున్నాడు. అరచెయ్యి గీరుకుపోయింది!

“పదేళ్ళు తిన్నానండి నల్లమందు. ఆడపిల్ల బుగ్గలా ఉండేదండి ఇది. మానేశాక రెండు కార్తీకాలు పట్టింది. గెడ్డం వచ్చింది, కాళ్ళలో సత్తువొచ్చింది. అన్నీ వచ్చాయండి!” అని, ఆ ‘అన్నీ’ దగ్గర కన్ను గీటాడు. లోపలినుంచి ఆయన భార్య, “సిగ్గులేకపోతే సరి!” అని అరిచింది. ఆ పడవలో తిరిగొస్తుంటే నాకు నీళ్ళు, పిట్టలు, తుంగ, అన్నీ కొత్తగా కనిపించాయి. మూడేళ్ళ తర్వాత ఆకలేసింది!

ఇక మాత్ర తగ్గించడం తాత చేతి పని. వచ్చినప్పుడల్లా ముందు గెడ్డం గీసేవాడు, తర్వాత తను మళ్ళీ వచ్చేదాకా సరిపడా మాత్రలు పలక మీద వరసగా పెట్టి, అదే కత్తితో ఒక్కోదాన్నుంచి పొరంత గీసేసేవాడు. ప్రతిసారీ ముందటిసారికంటే రవ్వంత ఎక్కువ. గీసిన పొడి మురికినీళ్ళతో పాటు కాలవలో పోసేవాడు. “గెడ్డం ఒక్క గీతలో పోదండి, చెడ్డ అలవాటూ అంతేనండి,” అనేవాడు. లేహ్యం సీసా మొదటిరోజే కాలవలో పడింది. మాత్రల డబ్బా మా ఆవిడ కొంగున కట్టింది. విషయమంతా ఆవిడకు నేనే చెప్పాను. ఆవిడ, “ఇన్నాళ్ళూ నా వల్లేననుకున్నానండీ,” అంది. అంతే అంది.

ఒళ్ళు పట్టు తప్పింది. కడుపు పట్టు తప్పింది. కోపం, చెమటలు, చిన్నపిల్లాడిలా ఏడుపు. అన్నీ పడ్డాను. అమ్మకు మాత్రం చెప్పలేకపోయాను. ఈలోగా అమ్మ భీమవరం సంబంధం ఖాయం చేసుకొచ్చింది! తాత వచ్చిన రోజు చూసి, తమలపాకులూ వక్కలూ పళ్ళెంలో పెట్టి అతని ముందుకు జరిపింది.

“పైనెలలో అబ్బాయికి పెళ్ళి. సన్నాయి నీదే. తాంబూలం తీసుకో.”

మా వైపు మేళగాడు తాంబూలం తీసుకున్నాడంటే మాట ఇచ్చినట్టే. తాత చేతులు వెనక్కి కట్టుకున్నాడు. పెద్దింటి తాంబూలం వద్దన్న మేళగాణ్ణి అప్పటిదాకా నేను చూడలేదు.

“ఈ పెళ్ళికి నేను ఊదనండి అమ్మగారూ.”

“ఏం? ఎందుకూదవు?”

“అది నేను చెప్పే మాట కాదండి. బాబుగారు చెప్తారండి,” అని నా వైపు చూశాడు. నా గుట్టు బయటపెట్టలేదు. నన్ను దాచుకోనివ్వనూ లేదు! తలుపు పక్కన మా ఆవిడ నిలబడి ఉంది.

ఎలా చెప్పానో నాకు తెలియదు. “అమ్మా, లోపం తనది కాదు. నాది. మందు వల్ల వచ్చింది. ఇంకో పిల్లను తెచ్చినా ఆ పిల్ల గొంతు కోసినట్టే,” అన్నాను. అమ్మ పళ్ళెం వైపు చూసింది, నన్ను చూసింది. తర్వాత మా ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఆవిడ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. ఏం మాట్లాడుకున్నారో ఈనాటికీ ఇద్దరూ చెప్పరు. మర్నాడు భీమవరానికి వద్దని కబురు వెళ్ళింది.

సంక్రాంతికి మొదలుపెట్టిన గీత ఉగాది దాటాక పూర్తయింది. మాత్ర అన్నదే లేదు. కానీ కత్తి పాడలేదు. ఎండలు పోయాయి, వానలు పడ్డాయి. తాత వచ్చేవాడు, కత్తి లాగేవాడు, చెవి దగ్గరగా పెట్టి వినేవాడు, “తొందరేముందండీ,” అనేవాడు. మళ్ళీ చలికాలం వచ్చింది. అప్పటికి నిద్ర సరిపడింది, ఏడుపు పోయింది, రెండు మోపులు లేపుతున్నాను. అయినా పైకి చెప్పుకోవడానికి భయం.

ఒక పొద్దున, నురుగు సగం బుగ్గకే రాసి, కత్తి అలా లాగాడో లేదో గర్ర్‌ర్‌మంది!

ఇద్దరం బిగుసుకుపోయాం. తాత ఇంకోసారి లాగాడు. గర్ర్‌ర్!

“పాడిందండీ! అమ్మగారూ, పాడిందండీ! రండి, వినండి!” అని కత్తి పట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. కత్తి పట్టుకుని మంగలి పరిగెడుతుంటే, సగం మొహానికి నురుగుతో నేను వెనకాల! వీధిలోవాళ్ళు పీకలు కోసుకుంటున్నామనుకుని తలుపులేసుకున్నారు. మా ఆవిడ గుమ్మంలో కూలబడి పడీ పడీ నవ్వింది. ఆవిడ అలా నవ్వగా విని ఎన్నాళ్ళయిందో!

ఆ తర్వాత వచ్చిన శ్రావణానికి మా ఆవిడకు నెల తప్పింది. కడుపుతో ఉన్నావిడ మొగుడు క్షౌరం చేయించుకోకూడదని మా ఆచారం. తాతకు చెబితే నెత్తి కొట్టుకున్నాడు. “ఇన్నాళ్ళకు కత్తికి పని దొరికిందనుకుంటే, మళ్ళీ మాన్పించేశారా అండీ!” అన్నాడు. అయినా నాలుగు రోజులకోసారి రావడం మానలేదు. వచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, నా గెడ్డం దువ్వి, అద్దం చూపించి వెళ్ళేవాడు. తన తోట తనే చూసుకుని మురిసిపోయినట్టు మురిసిపోయేవాడు. అమ్మ ఈసారి బారసాలకు తాంబూలం ఇస్తే, రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. పురుడు వెళ్ళినరోజు గెడ్డం తనే తీస్తానని, ఆ సాయంత్రం సన్నాయి ఊదుతానని చెప్పి లంకకు వెళ్ళాడు. పోయిన నెల మాట అది.

ఇప్పుడు మా ఆవిడకు తొమ్మిదో నెల. నా గెడ్డం గుండెల మీదికొచ్చింది. ఆ కత్తిని కొట్టులో వదల్లేక ఇంటికి తెచ్చుకున్నాను. నిన్న పొద్దున అతను కూర్చునే చోటే అరుగు మీద కూర్చున్నాను. ఆచారం తప్పకూడదు కాబట్టి కత్తిని తిరగేసి, దాని వీపును బుగ్గ మీద ఒక్కసారి అలా లాగాను, ఊరికే వినడానికి.

గర్ర్‌ర్‌మంది.

లోపల వంటింట్లో గాజులు గలగలమన్నాయి. “ఏవండీ, తాత వచ్చాడా?” అని కేకేసింది మా ఆవిడ, అలవాటు కొద్దీ. ఆ వెంటనే గాజుల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి కడుపు మీద ఒక చెయ్యి, గోడ మీద ఒక చెయ్యి వేసుకుంటూ మెల్లగా వచ్చి నా పక్కన కూర్చుంది. చెవి నా బుగ్గకు దగ్గరగా పెట్టి, “ఇంకోసారి,” అంది.